కనుపాపలోని సుడి: ‘వర్టిగో’ ప్రారంభ శీర్షికలు

సినిమా మొదట్లో తెరమీద వచ్చే పేర్ల వరుసను ప్రేక్షకుడు సర్దుకు కూర్చోవడానికి దొరికిన వ్యవధిగా భావిస్తాడు. విమర్శ కూడా చాలావరకు దానిని అలాగే చూసింది. సంస్కృత నాటక సంప్రదాయం ఎరిగినవారికి ఈ ఉపేక్ష వింతగా తోచాలి. ‘అభిజ్ఞాన శాకుంతలం’ ప్రస్తావనలో సూత్రధారుడు నటి పాటకు పరవశుడై, ప్రదర్శించవలసిన నాటకమేదో మరచిపోతాడు. చూడగానే అది వినోదానికి పెట్టిన ఘట్టమనిపిస్తుంది. దుర్వాసుని శాపం ఫలించిన తరువాత గాని ఆ మరపు నాటకానికంతటికీ బీజమని తెలియదు. కాళిదాసు అక్కడ కథ చెప్పలేదు. కథకు మూలమైన మరపును ముందుగానే సభ ఎదుట జరిపించాడు.

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ‘వర్టిగో’ (1958)కు సాల్ బాస్ రూపొందించిన శీర్షికలు ఈ కోవకు చెందినవే. తెరనిండా ఒక స్త్రీ ముఖం. అదీ పూర్తిగా కాదు. పెదవులు, కళ్లు, చివరికి ఒక్క కన్ను. తెర ఎర్రబడుతుంది. కనుపాప లోతునుంచి సినిమా పేరు పైకి వస్తుంది. దాని వెంట జాన్ విట్నీ యంత్రసహాయంతో సృష్టించిన సుడి రేఖలు. బెర్నార్డ్ హెర్మన్ సంగీతం కూడా ఎక్కడా స్థిరపడక వాటితోపాటే తిరుగుతుంది. చివర ఆ కన్ను మళ్లీ వస్తుంది, దర్శకుని పేరు అందులోనుంచే వెలువడుతుంది.

ఈ సుడి తరువాత మాడలిన్ కొప్పులో, చిత్తరువులోని కార్లోటా కొప్పులో, గంటగోపురం మెట్లలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. దీనిని ఎత్తుల భయానికి చిహ్నమని సరిపెట్టుకోవడం తేలిక, అది చాలదు. శీర్షికల్లోని ముఖం నాయిక కిమ్ నోవాక్‌ది కాదు, కథతో సంబంధం లేని మరొకరిది. ఒక స్త్రీని మరొక స్త్రీగా మలచబూనిన పురుషుని కథ ఇది. అది మొదలుకాకముందే, ఎవరో తెలియని ముఖాన్ని ముక్కలుగా చూడడం ప్రేక్షకునికి అలవాటవుతుంది. స్కాటీ చూపులోని దోషాన్ని అతడు తరువాత తప్పుపట్టవచ్చు. కాని అప్పటికే అందులో భాగస్వామి.

రాజమౌళి ‘ఆర్ఆర్ఆర్’ (2022) ఇందుకు భిన్నమైన దారి పట్టింది. నిప్పుగా రామ్‌ను, నీరుగా భీమ్‌ను పరిచయం చేసి, వంతెన దగ్గర ఇద్దరి చేతులు కలిసిన తరువాత, సుమారు 40 నిమిషాలకు, చిత్రనామాన్ని చూపుతుంది. ‘వర్టిగో’లో పేరు బీజమైతే ఇక్కడ ఫలం. థియేటర్లో ఈలలకు ఇదే అనువు, సందేహం లేదు. అయితే ఈ పేరు అప్పటివరకు చూసినదాన్ని ధ్రువపరుస్తుంది గాని, చూడబోయేదాన్ని మార్చదు.

ఓటీటీ వేదికల మీద శీర్షికలను దాటవేసే మీట ఇప్పుడు మామూలైంది. ‘వర్టిగో’ను అలా చూసినవారికి కథ తెగినట్లు ఎక్కడా అనిపించదు. కార్లోటా కొప్పు మాత్రం ఒట్టి కొప్పుగానే కనిపిస్తుంది.