పెట్టె విప్పకముందు

అంబాసిడర్ నడిపినవాళ్లకి ఈ బాధ కొత్త కాదు. నడిరోడ్డు మీద గేర్ బిగుసుకుంటుంది. దిగి, బానెట్ ఎత్తి, స్టీరింగ్ కింది రాడ్లని చేత్తో కదిపి వదిలించి, వెనకవాళ్ల హారన్లు వింటూ మళ్లీ ఎక్కాలి. నాన్న బండికి ఎర్రగడ్డ సిగ్నల్ దగ్గర ఈ సేవ మూడుసార్లు చేశాను. నాలుగోసారి చెయ్యి కాలింది.

మొదట చూపించిన షెడ్డులో బండి ముట్టుకోకుండానే 'గేర్‌బాక్స్ దింపాలి' అన్నారు. బోరబండ సైట్-3 ఉస్తాద్ అలా కాదు. ముందు ఇంజిన్ ఆపించి గేర్లన్నీ వేసి చూశాడు, తర్వాత స్టార్ట్ చేసి చూశాడు. ఆపినప్పుడు సాఫీగా పడి, స్టార్ట్ చేశాక మొరాయిస్తే క్లచ్ పూర్తిగా వదలడం లేదని లెక్క. మాది రెండుసార్లూ బిగుసుకుంది. ఇక కిందికి దూరి, రాడ్లు ఊడదీసి, గేర్‌బాక్స్ మీది లీవర్ని వేళ్లతో నెట్టాడు. టక్కున పడింది.

"పెట్టె మంచిగనే ఉంది సార్. రోగం బయటుంది."

రాడ్ల జాయింట్ పిన్ను తీసి చూపించాడు. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డులా అరిగిపోయింది. బుష్ ఉండాల్సిన చోట ఎండిన గ్రీజు, నల్లటి మడ్డి. ఒక్కో జాయింట్‌లో వెంట్రుకంత లూజే, కానీ అన్నీ కలిసి రెండు నుంచి మూడుకి వెళ్లే దారిని మూసేశాయి.

ముందు బయట చూడాలన్న ఈ వరస అంబాసిడర్‌కే కాదు. పాత ఇంగ్లిష్ కార్లు, ఎంజీబీ, ట్రయంఫ్ లాంటివాటిలో కొన్నిటికి గేర్‌బాక్స్ వెనక లేకాక్ ఓవర్‌డ్రైవ్ ఉండేది. స్విచ్ వేస్తే సోలినాయిడ్ కదిలి, ఆయిల్ ఒత్తిడితో టాప్ గేర్ పైన ఇంకో మెట్టు పడుతుంది. అది మొండికేసినా అంతే: ముందు ఆయిల్ మట్టం, తర్వాత వైరు, సోలినాయిడ్. పెట్టె ఆఖరున. పడిన ఓవర్‌డ్రైవ్ వదలకపోతే మాత్రం రివర్స్ వెయ్యకూడదు. బాగున్న లోపలి భాగం కూడా అప్పుడు విరుగుతుంది. మన పాత అంబాసిడర్‌కి ఆ భోగం లేదు, ఉన్నవి నాలుగు గేర్లే.

2014లో ఉత్తర్‌పారాలో తయారీ ఆగిపోయిన బండి. ఉస్తాద్ బుష్‌ల కోసం దుకాణాలు తిరగకుండా లేతు మీద ఇత్తడివి తీయించాడు. ఎంఎంటీఎస్ స్టేషన్ దాకా వెళ్లొచ్చాం. రెండు నుంచి మూడు, పాలు పొంగినంత నిశ్శబ్దంగా.

షెడ్డు ముందు ఇంకా కాస్త కదులుతుండగానే అలవాటుగా ఫస్ట్ వేశాను. గర్రుమంది.

"దానికి సింక్రో ఉండదు సార్. బండి ఆగినంకనే వెయ్యుండ్రి," అన్నాడు, తల ఎత్తకుండానే.