వీరత్వము, వారసత్వము

సూపర్‌హీరోల చిత్రకథలను సాహిత్యముగా పరిగణించుటకు మన విమర్శకులు కొంత సంకోచింతురు. అవి పిల్లల కాలక్షేపమని సామాన్యాభిప్రాయము. కాని ఒక సమాజము ఎవరిని వీరునిగా ఊహింపగలదో, ఎవరిని ఊహింపలేదో తెలుపు రచన ఏదైనను విమర్శకు అర్హమే. అమెరికా చిత్రకథలలో 1966లో నల్లజాతి రాజు టిచల్లా, 1972లో ల్యూక్ కేజ్ అవతరించిరి. 2013లో కమలా ఖాన్ తొలిసారి కనిపించినది.

కమల న్యూజెర్సీ రాష్ట్రములోని జెర్సీ నగరమున పెరిగిన పదునారేండ్ల ముస్లిము బాలిక. పాకిస్తాను నుండి వలస వెళ్లిన కుటుంబములోనిది. జి. విల్లో విల్సన్ రచనతో, ఏడ్రియన్ అల్ఫోనా చిత్రములతో 2014లో ‘మిస్ మార్వెల్’ పేర ఆరంభమైన ఆమె కథ మరుసటి యేడు హ్యూగో బహుమతి నందుకొన్నది. నగరమును కప్పిన వింత పొగమంచు వలన ఆమెకు కోరిన రూపము దాల్చు శక్తి లభించును. మొదట దాల్చినది తాను ఆరాధించు కేరల్ డాన్వర్స్ రూపము: తెల్లని మేను, బంగారు జుట్టు. కోరిక తీరినను ఆమెకు సుఖము కలుగలేదు. క్రమముగా తన ముఖముతోనే, ఒడలు నిండుగా కప్పు ఈతదుస్తును మార్చుకొన్న వేషముతోనే వీధిలోనికి వచ్చును. పరాయి రూపమును కోరు సిగ్గును, దానిని విడుచు ధైర్యమును ఆ శక్తిలోనే ఇమిడియున్నవి.

2022లో ఆరు భాగముల టెలివిజను కథగా మారినపుడు ఈ శక్తియు మారినది. ముత్తవ్వ ఆయిషా కంకణము తొడుగగానే కమలలోని శక్తి మేల్కొనును. వెలుగు స్ఫటికమువలె గట్టిపడి ఆమె ఆజ్ఞకు లోబడును. వేషమును తల్లియే ఇచ్చును. ఈ మార్పు వలన లాభము లేకపోలేదు. 1947 నాటి దేశవిభజన, కరాచీకి పోవు రైలు, జనసమ్మర్దములో తప్పిపోయిన పసిబిడ్డ ప్రపంచప్రేక్షకుల యెదుటికి వచ్చినవి. తల్లి, అవ్వ కథకు ప్రాణమైరి. కాని తన రూపముతో తానే పెనుగులాడిన బాలిక కొంత మరుగుపడినది. చిత్రకథలోను శక్తికి మూలము రక్తముననే కలదు. అయితే ఆ లక్షణమునకు జాతితోను మతముతోను సంబంధము లేదు. టెలివిజనులో శక్తి పూర్వికుల సొత్తుగా కనిపించును. 1962లో పీటర్ పార్కరును కుట్టిన సాలీడు అతని గోత్రము నడుగలేదు. అల్పసంఖ్యాకవర్గపు బాలిక మాత్రము వంశచరిత్రను చేతబట్టుకొని రావలెనా?

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. సూరతులోని కతర్‌గామ్, వజ్రములకు సానపట్టు కర్మశాలలు నిండిన పేట, సౌరాష్ట్రము మొదలగు చోట్ల నుండి వచ్చినవారి శ్రమతో పెరిగినది. అదే నగరమునకు మగ్గముల పనికై తెలుగునాట నుండి పద్మశాలి కుటుంబములు వలసవెళ్లినవి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున బడులను నడిపినది. అట్టి కుటుంబపు పిల్లవాడు తాత యూరి కథను ప్రేమతో వినును. కాని తన విలువయంతయు ఆ కథ నుండియే వచ్చినదని నమ్మించినచో, పుట్టిపెరిగిన వీధిలో వాడు ఎన్నటికిని అతిథియే.

సూరతు నుండి ఉత్తరముగా పోవు రైలుదారిలోనే బరోడా ఉన్నది. 1917లో అచ్చట అంబేద్కరునకు తలదాచుకొన చోటు దొరకని వృత్తాంతము 2011లో వెలువడిన ‘భీమాయన’ అను చిత్రకథలో కలదు. గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దానికి బొమ్మలు వేసిరి. అందలి నాయకునకు కంకణము లేదు, వంశగౌరవము తోడు రాలేదు. చదువును, అవమానమును ప్రశ్నగా మార్చు బుద్ధియు కలవు.

అల్పసంఖ్యాక వీరులకు మద్దతు నిచ్చువారు వారి సంఖ్యను చూచి తృప్తిపడుట చాలదు. ఇతర వీరులకున్న స్వేచ్ఛయే వీరికిని కావలెనని కోరవలెను: పొరబడుటకు, నవ్వించుటకు, పెద్దల కథను ప్రేమించియు దానిని దాటిపోవుటకు. చిత్రకథలోని కమలకు ఆ స్వేచ్ఛ కొంత దక్కినది. తెరకెక్కించువారు దానిని కాపాడవలెను.