88 మంది, ఒక బొంగురు గొంతు

1986 డిసెంబరు 14 రాత్రి సిడ్నీ ఎంటర్‌టైన్‌మెంట్ సెంటర్‌లో ఎల్టన్ జాన్ పాడిన పాటలు మీరు ఇంతవరకూ వినకపోతే, ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు అవి వినండి. నా మాటలు ఎక్కడికీ పోవు, తర్వాత చదువుకోవచ్చు. నేను ముప్పయ్యేళ్లుగా వింటున్నాను. మొదట విన్నది స్నేహితుడి అన్నయ్య దగ్గర అడిగి తెచ్చుకున్న క్యాసెట్‌లో. అది అరిగి, టేపు రికార్డరు నమిలేస్తే, పెన్సిలుతో చుట్టుకుని మళ్లీ విన్నాను.

ఆ రాత్రి ఆయన గొంతు బాగాలేదు. మామూలు రొంప, పడిశం కాదు. స్వరతంతుల మీద కణుతులు. టూర్ ముగిసిన వెంటనే, 1987 జనవరిలో, ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చింది. అలాంటి గొంతుతో తెల్లటి మొజార్ట్ వేషం కట్టి, విగ్గు పెట్టుకుని పియానో ముందు కూర్చున్నాడు. వెనక మెల్‌బోర్న్ సింఫనీ ఆర్కెస్ట్రా, 88 మంది. ఆస్ట్రేలియా అంతా టీవీలో ప్రత్యక్షంగా చూస్తోంది. పై స్థాయికి వెళ్లినప్పుడల్లా గొంతు గరగరలాడుతుంది, చీలుతుంది. అయినా ఎక్కడా పాట పడిపోదు. ఎందుకు పడిపోదో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

మన కచేరీల్లో విద్వాంసుడి గొంతు సహకరించని రోజున మంచి ఫిడేలు విద్వాంసుడు ఏం చేస్తాడో చూసినవాళ్లకు తెలుసు. గొంతు ఎక్కడ జారబోతోందో ముందే పసిగట్టి అక్కడ కమాను ఒత్తుతాడు, శ్రుతి ఆరిపోకుండా కాస్తాడు, సంగతిని తను పూర్తిచేసి గాయకుడికి ఊపిరి తీసుకునే సందు ఇస్తాడు. అది ఒక్క మనిషి కాబట్టి అప్పటికప్పుడు చేయగలడు. 88 మంది అలా చేయలేరు. వాళ్ల ముందు కాగితం ఉంటుంది, ఆ కాగితంలో ఉన్నదే వాయించాలి. అంటే గాయకుడికి ఊపిరి ఎక్కడ కావాలో, గొంతు ఎక్కడ ఒంటరిగా నిలబడాలో, ఎక్కడ దాన్ని భుజాన వేసుకోవాలో కాగితం రాసినవాడు ముందే ఊహించి ఉండాలి. ఆ రాసేవాడే అరేంజర్. పాప్ గాయకుడు సింఫనీతో పాడే ఈ సంప్రదాయమంతా అతని చేతిలోనే ఉంది. పోస్టర్ మీద మాత్రం అతని పేరు ఉండదు.

నాకు అరేంజర్ అంటే పాల్ బక్‌మాస్టర్. ఈ విషయంలో నేను పక్షపాతినే, దాచుకోను. లండన్ రాయల్ అకాడమీలో చెల్లో నేర్చుకున్నవాడు. డేవిడ్ బౌయీ ‘స్పేస్ ఆడిటీ’కి, 1970లో వచ్చిన ‘ఎల్టన్ జాన్’ ఆల్బమ్‌కి, తర్వాతి ఏడాది ‘మ్యాడ్‌మన్ అక్రాస్ ది వాటర్’కి వాద్యబృందాన్ని రాసింది ఆయనే. అంతకుముందు పాప్ పాటలో వయొలిన్లంటే చాలామందికి పాయసం మీద జీడిపప్పు. బక్‌మాస్టర్ వయొలిన్లతో పాటను వండాడు. ‘సిక్స్‌టీ ఇయర్స్ ఆన్’ ఎత్తుగడ వినండి. తేనెతుట్టె కదిలినట్టు తీగవాద్యాల రొద మొదలై, పెరిగి పెరిగి, గది గోడలు ఒరుసుకుపోతున్నాయా అనిపించాక చటుక్కున ఆగుతుంది. ఆ నిశ్శబ్దంలోంచి పాట పుడుతుంది. తను చెల్లో మనిషి కాబట్టి కింది తీగల బలం ఆయనకు తెలుసు. ‘మ్యాడ్‌మన్’లో చెల్లోలు, బాస్‌లు రాగం పట్టుకుని సాగవు. కమానుతో కొడతాయి, తవ్వుతాయి. డ్రమ్స్ చేయవలసిన పనిలో సగం అవే చేస్తాయి. సిడ్నీలో ఆ పాత స్కోర్లకు తన సొంత స్కోర్లు కూడా కలిపి కండక్టర్‌గా నిలబడ్డ జేమ్స్ న్యూటన్ హోవర్డ్ ఒకప్పుడు ఎల్టన్ బ్యాండ్‌లోనే కీబోర్డు వాయించినవాడు. గాయకుడి బలహీనత తెలిసినవాడే కండక్టర్ కావడం ఆ రాత్రి చేసిన మేలు ఇంతా అంతా కాదు.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1967 ఫిబ్రవరిలో బీటిల్స్ ‘ఎ డే ఇన్ ది లైఫ్’ కోసం 40 మందిని స్టూడియోకి పిలిపించారు. 1969 సెప్టెంబరు 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో డీప్ పర్పుల్ రాయల్ ఫిల్హార్మోనిక్‌తో కలిసి జాన్ లార్డ్ రాసిన కన్సర్టో వాయించింది. మాల్కమ్ ఆర్నాల్డ్ కండక్టర్. 1971లో ప్రోకల్ హేరమ్ కెనడాలోని ఎడ్మంటన్ సింఫనీతో పాడింది. 1999లో మెటాలికా శాన్ ఫ్రాన్సిస్కో సింఫనీతో చేసిన కచేరీలు అందరికీ తెలిసినవే. వాటికి ఆర్కెస్ట్రా రాసిన మైకేల్ కేమన్ గొప్ప అరేంజరే. కానీ అక్కడ గిటార్ల హోరులో వయొలిన్లు నాకు సరిగ్గా వినపడవు. మెటాలికా అభిమానులు ఏమనుకున్నా సరే.

ఇక పనితనం దగ్గరికి వద్దాం. ఇందులో నాకు తనివి తీరదు.

మొదటి చిక్కు శ్రుతి. గిటారు మనుషులకు ‘ఇ’ మేజర్ ఇష్టం, వేళ్లకు సుఖం. అదే పాట బి-ఫ్లాట్ క్లారినెట్ కాగితం మీదికి వచ్చేసరికి ఎఫ్-షార్ప్ మేజర్ అవుతుంది, అంటే ఆరు షార్పులు. పాపం ఆ మనిషి ముళ్లకంపలో నడిచినట్టు నడవాలి. తెలిసిన అరేంజర్ అక్కడ ‘ఎ’ క్లారినెట్ రాస్తాడు, ఒక్క షార్ప్‌తో పని అయిపోతుంది. ‘యువర్ సాంగ్’ ఇ-ఫ్లాట్‌లో ఉంది. వయొలిన్ నాలుగు తీగల్లో ఎ, ఇ తీగలు రెండూ ఆ స్కేల్‌లో లేవు. ఖాళీ తీగ ఖణేల్‌మని మోగే అవకాశం తగ్గి, స్వరాలన్నీ వేళ్ల కింద నుంచే వస్తాయి. ఆ పాటలో తీగవాద్యాలు దుప్పటి కప్పినంత మెత్తగా వినిపించడంలో దీనికీ పాలుంది.

రెండోది కాలప్రమాణం, అసలు యుద్ధం ఇక్కడే. సింఫనీ వాళ్లు కండక్టర్ చెయ్యి దిగిన క్షణానికి కాస్త వెనకగా స్వరం వేస్తారు, అది వాళ్లకు తరతరాల అలవాటు. రాక్ డ్రమ్మరు సరిగ్గా బీటు నెత్తి మీద కొడతాడు. పైగా శబ్దం మీటరు దూరం రావడానికి సెకనులో వెయ్యింట దాదాపు 3 వంతులు పడుతుంది. స్టేజీ ఒక చివర డ్రమ్స్, 20 మీటర్ల అవతల డబుల్ బాస్‌లు ఉంటే తేడా 60 వంతులకు దగ్గర. నిమిషానికి 120 బీట్లు నడిచే పాటలో ఒక బీటును నాలుగు ముక్కలు చేస్తే, ఆ ముక్కలో సగం అన్నమాట. చెవిని నమ్మితే పాట జావగారిపోతుంది. అందుకే చెవుల్లో ఇయర్‌ఫోన్లు, డ్రమ్స్ చుట్టూ పారదర్శకమైన ప్లాస్టిక్ గోడ, ప్రతి వయొలిన్‌కీ చిన్న మైకు. ఇవన్నీ పెట్టినా చివరికి కాపాడేది కండక్టర్ చూపే. మంచి కండక్టర్ ఒక కన్ను డ్రమ్మరు కర్ర మీద, ఇంకో కన్ను గాయకుడి పెదవుల మీద ఉంచుతాడు. పెదవి తెరుచుకునే ముందు భుజం లేస్తుంది. ఆ భుజాన్ని చూసి చెయ్యి ఎత్తుతాడు.

మూడోది ఊపిరి. ఫ్రాంక్ సినాట్రా కుర్రతనంలో టామీ డోర్సీ బ్యాండ్‌లో పాడేటప్పుడు, డోర్సీ ట్రాంబోన్ మీద అంత పొడుగు స్వరవాక్యాలు ఊపిరి తెగకుండా ఎలా లాగుతున్నాడో వెనక నుంచి అతని వీపు చూసి నేర్చుకున్నాడు. వాద్యం దగ్గర శిష్యరికం చేసిన గొంతు అది. నెల్సన్ రిడిల్ రాసిన తీగవాద్యాల మీద ఆయన పాడితే, కమాను ఎక్కడ మారిందో, ఊపిరి ఎక్కడ మారిందో విడదీయలేం. ఇంకో సంగతి. సినాట్రా స్టేజీ మీద పాట మొదలెట్టే ముందు ఎవరు రాశారో, ఎవరు అరేంజ్ చేశారో పేరు చెప్పేవాడు. ఆ మర్యాద ఇప్పుడెక్కడుంది?

జోనీ మిచెల్ సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. ‘బోత్ సైడ్స్ నౌ’ను 1969లో పాతికేళ్ల వయసులో గిటారుతో, పిట్టగొంతుతో రికార్డు చేసింది. 2000లో, 56 ఏళ్లకు, విన్స్ మెండోజా అరేంజ్‌మెంట్‌లో నిండు ఆర్కెస్ట్రాతో మళ్లీ పాడింది. గొంతు కిందికి దిగింది, సిగరెట్లు దాన్ని ముదురు తేనె రంగుకు తెచ్చాయి. మెండోజా ఆ గొంతుతో పోటీపడే స్వరం ఒక్కటి కూడా రాయలేదు. ఆమె ఆగితే ఆర్కెస్ట్రా కూడా ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. ఆ అరేంజ్‌మెంట్‌కి గ్రామీ వచ్చింది. ఆ ఏడాది ఆమె ఆర్కెస్ట్రాతో టూర్ కూడా చేసింది.

పియానో గాయకుడు బెన్ ఫోల్డ్స్ 2017లో వాషింగ్టన్ కెనడీ సెంటర్‌లో చేసిన పని మరో తరహా. శ్రుతి, వేగం, ఒక వాక్యం ప్రేక్షకుల దగ్గర అడిగి తీసుకుని, నేషనల్ సింఫనీ ముందు కూర్చుని, పది నిమిషాల్లో పాట కట్టేశాడు. చెల్లోలకు ఇది, వయొలిన్లకు అది అని నోటితోనే చెబుతూ ఒక్కో విభాగాన్ని చేర్చుకుంటూ పోయాడు. మన అవధానం చూసినవాళ్లకు ఆ ఆనందం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

ఇంతటి విద్యను ఇప్పుడు ఏం చేస్తున్నారో చూస్తే కడుపు మండుతుంది.

ఆ మధ్య ఒక నగరంలో, ‘లైవ్ సింఫనీ’ అని పెద్ద అక్షరాలతో పోస్టరు వేసిన కచేరీకి, మంచి ధర పెట్టి టికెట్ కొనుక్కుని వెళ్లాను. ఇరవైమంది నల్లబట్టల్లో, చేతుల్లో వయొలిన్లు. లైట్లు అద్భుతం. రెండో పాట మధ్యలో ఓబో సోలో వచ్చింది. ఎంత కమ్మగా ఉందో! ఓబో ఎవరు వాయిస్తున్నారా అని మెడ చాచి వెతికాను. స్టేజీ మీద ఓబోయే లేదు. అప్పటి నుంచి పాట వినడం మానేసి కమానులు చూడటం మొదలుపెట్టాను. ముందు వరసలో ఒక కుర్రాడి కమాను తీగలకు వెంట్రుకవాసి ఎత్తులో గాలిలో ఆడుతోంది. ట్రాక్ మోగుతోంది, వీళ్లు నటిస్తున్నారు. ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. వాయించగలిగిన చేతులకు వాయించవద్దని డబ్బులిచ్చినవాళ్లను తప్పుపడతాను. ఏళ్ల తరబడి సాధన చేసిన పిల్లవాణ్ణి తెరమీది బొమ్మలా నిలబెట్టడం ఎంత పాపం!

నిజంగా వాయించే చోట కూడా సోమరితనం దాపురించింది. గాయకుడి పాత ట్రాక్ అలాగే ఉంచి, దాని మీద నాలుగేసి బీట్ల పొడుగు స్వరాలు పరిచి ‘సింఫోనిక్’ అంటున్నారు. అమెరికా వాద్యకారులు ఆ గుండ్రటి స్వరాలను కాగితం మీద చూసి ఫుట్‌బాల్స్ అంటారు. పాట పొడుగునా ఫుట్‌బాల్సే వాయించిన వయొలిన్ మనిషి ఇంటికి వెళ్లి ఏమని చెప్పుకుంటాడు? ఆ పని కీబోర్డు మీద రెండు వేళ్లు చేస్తాయి. కీబోర్డు చేయగలిగిన పనికి 60 మందిని పిలవడం వాళ్లకు అవమానం. 60 మంది చేయవలసిన పనిని కీబోర్డుకు అప్పగించడం పాటకు ద్రోహం.

ఆ రెండో ద్రోహం మన ఇంట్లోనే జరిగింది. చెన్నై రికార్డింగ్ థియేటర్లలో ఒకప్పుడు వయొలిన్లు వరసలు కట్టి కూర్చునేవి. ఇళయరాజా పొద్దున్నే కూర్చుని ప్రతి వాద్యానికీ స్టాఫ్ నోటేషన్‌లో చేత్తో రాసి ఇచ్చేవారని, మధ్యాహ్నానికి పాట రికార్డయ్యేదని అక్కడ పనిచేసినవాళ్లు ఇప్పటికీ కళ్లు పెద్దవి చేసుకుని చెబుతారు. ఆ ఇళయరాజా, తమ్ముడు గంగై అమరన్, అన్న భాస్కర్ సినిమాల్లోకి రాకముందు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కట్టుకున్న లైట్ మ్యూజిక్ బృందంలో వాయించినవాళ్లే. అందుకేనేమో బాలుగారికి వాద్యకారుడంటే అంత గౌరవం. పాటలో ఒక వేణువు బిట్ బాగా పలికితే పాట ఆగాక ముందు ఆ మనిషి పేరు చెప్పి చప్పట్లు కొట్టించేవారు. ‘పాడుతా తీయగా’ పిల్లలు ట్రాక్ మీద కాకుండా ఎదురుగా కూర్చున్న మనుషుల వాద్యంతో పాడారంటే దాని వెనక ఆ గౌరవమే ఉంది. ఊళ్లో వినాయక చవితి పందిట్లో పాడే ఆర్కెస్ట్రా పార్టీ కూడా తప్పో ఒప్పో తన చేతులతో వాయించింది. ఇప్పుడు అక్కడా పెన్‌డ్రైవే.

ఆ చెన్నై పాటల వయొలిన్ కాగితాలు ఎక్కడున్నాయని అడిగితే జవాబు చెప్పేవాళ్లు కనపడటం లేదు. కాగితం పోతే పోయిందని ఊరుకోనక్కర్లేదు. డీప్ పర్పుల్ కన్సర్టో స్కోరు 1970లోనే పోయింది. మార్కో డె గూయ్ అనే డచ్ సంగీతకారుడు రికార్డింగును పదే పదే విని, వీడియో చూసి, స్వరం స్వరం తిరగరాశాడు. దాంతో 1999లో అదే ఆల్బర్ట్ హాల్లో, ఈసారి లండన్ సింఫనీతో, ఆ కన్సర్టో మళ్లీ మోగింది. మన దగ్గర అంత చెవి ఉన్న కుర్రాళ్లు లేరా? స్టాఫ్ నోటేషన్ చదివే పిల్లలు చెన్నైలో, హైదరాబాదులో తయారవుతూనే ఉన్నారు. అమెరికాలో మన పిల్లలు ఎంతమంది స్కూల్ ఆర్కెస్ట్రాల్లో వయొలిన్, చెల్లో వాయించడం లేదు!

బాలుగారి పేరు మీద ఏటా జూన్ 4న ఊరూరా స్మారక కచేరీలు పెడుతున్నారు. పెట్టేవాళ్లందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. ఒక్క ఏడాది ఎల్‌ఈడీ తెర ఖర్చు మానేయండి. ఆ డబ్బుతో పది పాటలు చాలు, చెవి ఉన్న మనిషి చేత స్వరం స్వరం రాయించండి. నలభైమందిని పిలవండి, రెండు రోజులు రిహార్సల్ చేయించండి, ట్రాక్ ఆపేయండి. రాసినవాడి పేరు గాయకుడి పేరు పక్కనే వేయండి. గాయకుడి గొంతు ఆ రోజు బొంగురుపోయినా కంగారు పడకండి. నాకు మొదటి వరస అక్కర్లేదు. చెల్లోల వెనక, కమాను తీగ మీద పడటం కనపడేచోట ఒక కుర్చీ వేయించండి, టికెట్ నేనే కొనుక్కుంటాను.