బురద కోసం పుట్టిన సైకిల్

మౌంటెన్ బైక్ అనగానే అందరూ కాలిఫోర్నియా పేరెత్తుతారు. అక్కడ వాటిని కట్టిన గ్యారీ ఫిషర్, జో బ్రీజ్ ఘనులే, కాదనను. కానీ ఆ రోజుల్లోనే ఇంగ్లండ్‌లో, బకింగ్‌హామ్‌షైర్ చిల్టర్న్ కొండల్లో జెఫ్ యాప్స్ రూపొందించిన సైకిల్ ముందు వాళ్లవి నాకెప్పుడూ ఒక మెట్టు కిందే. పక్షపాతమంటారా, అనుకోండి.

బ్రిటన్‌లో కాలిబాటల మీద సైకిల్ తొక్కే పిచ్చి పాతదే. 1955లోనే రఫ్ స్టఫ్ ఫెలోషిప్ అనే సంఘం పెట్టుకుని మామూలు సైకిళ్లతో కొండలెక్కారు, ఎక్కలేనిచోట భుజాన వేసుకున్నారు. యాప్స్ అలా మోయడానికి ఒప్పుకోలేదు.

అమెరికా వాళ్లు పొడి కొండదారుల్లో కిందికి దూసుకుపోవడానికి బండి కట్టుకున్నారు. యాప్స్‌కు వేగంతో పని లేదు. బంకమట్టి, తడి ఆకులు, చెట్ల వేళ్లు, వీటన్నిటినీ కాలు కింద పెట్టకుండా దాటాలి. మోటార్‌సైకిల్ ట్రయల్స్ వాళ్లకుండే పంతమే ఇది. 1979 నాటి రేంజ్ రైడర్‌లోనూ, తర్వాత వచ్చిన క్లీలాండ్ అవెంచురాలోనూ ప్రతి భాగమూ ఆ పంతంలోంచే వచ్చింది.

దుంగలకు తగలకుండా పెడళ్ల ఇరుసును బాగా ఎత్తులో పెట్టాడు. హ్యాండిల్‌ను పైకి, ఒంటికి దగ్గరగా తెచ్చి మనిషిని నిటారుగా కూర్చోబెట్టాడు. అలా కూర్చుంటే ఒంటి బరువును చిటికెలో ముందుకో వెనక్కో మార్చుకోవచ్చు. ఇక బ్రేకులు! రిమ్మును పట్టే రబ్బరు బురదలో జారుతుంది, పైగా ఇసుక చేరి రిమ్మునే అరగదీస్తుంది. అందుకని చక్రం నడిమధ్య మూసి ఉండే డ్రమ్ బ్రేకులు బిగించాడు. టైర్లు ఫిన్లండ్ నోకియా హక్కపెలీట్టాలు, మంచుదారుల కోసం చేసినవి. గాలి తక్కువగా కొడితే అవి నేలను వదలవు. వాటిని కాలిఫోర్నియాకూ పంపాడు. ఇవాళ 29 అంగుళాల చక్రాలను ఊరేగించేవాళ్లలో వాటికి బీజం ఆ టైర్లేనన్న సంగతి ఎందరికి గుర్తుందో!

ఆయనకు ఫ్రేములు కట్టిన జెరెమీ టోర్‌నూ మరచిపోకూడదు. ఆ కాలపు మేలిరకం గొట్టాలు బర్మింగ్‌హామ్ రేనాల్డ్స్ 531వి: నడుమ పలచన, అతుకు పడే చివర్లు మందం. అతికేటప్పుడు ఇత్తడి కరగాలి, ఉక్కు కరగకూడదు. మంట ఒకచోట కాస్త ఎక్కువసేపు నిలిచిందా, ఆ గొట్టం బలం పోయినట్టే. నేర్పరి చేతి అతుకు మీద వేలు రాస్తే గొట్టం ఎక్కడ ముగిసిందో తెలియదు.

1984లో యాప్స్ సంస్థ క్లీలాండ్ మూతపడింది. డేవిడ్ రాత్-షార్మన్ హైపాత్ పేరుతో ఆ దారినే పట్టుకుని పట్టుదలగా సాగాడు. బజారు మాత్రం కాలిఫోర్నియా నమూనాలకే దక్కింది.

ఇప్పుడు దుకాణాల్లో అమ్మే చవక ‘మౌంటెన్’ సైకిళ్లు చూస్తే ఒళ్లు మండుతుంది. సరిగా కదలని స్ప్రింగు ఫోర్కు, మోయలేని బరువు, ముళ్ల టైర్లు, మడ్‌గార్డు శూన్యం. మన ఊళ్లలో పిల్లలకు కొనిపెట్టే గేర్ సైకిళ్లదీ అదే వేషం. ఫోర్కు మీద మెరిసే స్టిక్కరుకు పెట్టే డబ్బు ఒక మంచి బ్రేకుకు పెట్టండయ్యా.