పలనాటి వీరచరిత్రలో వంచన, అపరాధభావం: అనపోతు ఘట్ట పరిశీలన

పలనాటి కథను వీరగాథగా చదవడం తెలుగు సాహిత్య విమర్శలో పరిపాటి. 12వ శతాబ్ది చివరి పాదంలో జరిగిన దాయాదుల పోరును శ్రీనాథుడు ద్విపదలో రచించాడని సంప్రదాయం. అక్కిరాజు ఉమాకాంతం 1911లో ఆ కృతిని వెలుగులోకి తెచ్చారు. దాని కర్తృత్వాన్ని గురించిన చర్చ ఇక్కడ అప్రస్తుతం. ఇందులో వీరం అంగిరసమనడంలో విప్రతిపత్తి లేదు. అయితే బాలచంద్రుని ప్రవర్తనను వీరరసం ఒక్కటే పూర్తిగా వివరించలేదు. పోరాడాలన్న కోరిక వేరు, పోరునుండి తిరిగి రాకూడదన్న నిశ్చయం వేరు. మొదటిది అతనికి సహజం. రెండవది మిత్రుణ్ణి వంచించడంవల్ల కలిగిందని ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశం.

ఈ కథలో పగకు మూలం కోడిపందెం. బ్రహ్మనాయుని చిట్టిమల్లును నాగమ్మ శివంగిడేగ మోసంతో ఓడించిందని గాథ చెబుతుంది. పందెం ప్రకారం మలిదేవాదులు ఏడేండ్లు రాజ్యం విడిచిపోయారు. సంక్రాంతి మూడు రోజులూ అమలాపురం, రాజోలు, కొత్తపేట పరిసరాల్లోని బరులను చిన్ననాటినుండి చూసిన ఈ వ్యాసకర్తకు ఈ ఘట్టం ప్రత్యేకమైన ఆసక్తిని కలిగించింది. డేగ, కాకి, నెమలి అంటూ ఈకల రంగునుబట్టి పుంజును గుర్తించేవారు, ఏ వేళకు ఏ రంగు గెలుస్తుందో కుక్కుటశాస్త్రం చూసి చెప్పేవారు నేటికీ ఉన్నారు. బరి దగ్గర నేర్పుకూ మోసానికీ మధ్య గీత చాలా సన్ననిది. గెలిచినవాడు దానిని నేర్పంటాడు, ఓడినవాడు మోసమంటాడు. గెలిచినవాడు పశ్చాత్తాపపడటం మాత్రం ఈ వ్యాసకర్త ఎన్నడూ చూడలేదు. నాగమ్మ పాత్రలో అపరాధభావం కానరాకపోవడానికి ఇదే కారణం కావచ్చు. ఆమె దృష్టిలో పందెం గెలవడానికి ఉన్నది, అంతే.

గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి రాయబారిగా వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి బలికావడం రెండవ వంచన. అతడు నలగామరాజుకు స్వయానా అల్లుడు. ఆ వైపున కూడా పశ్చాత్తాపం వినిపించదు. షేక్స్పియర్ హామ్లెట్ నాటకంలో అన్నకు విషమిచ్చి చంపిన క్లాడియస్ మోకరిల్లి ప్రార్థించబోతాడు, పాపఫలాన్ని వదులుకోలేక ఆ ప్రార్థన ఫలించదని తానే గ్రహిస్తాడు. పలనాటి గాథలో అటువంటి ప్రతినాయకుడు లేడు. అపరాధభావం ఇక్కడ ఎదుటి పక్షంలో, ప్రేమించేవారి మధ్య పుడుతుంది.

దానికి మొదటి మెట్టు ఐతాంబ. కొడుకు దక్కాలని ఆమె యుద్ధవార్తను అతని చెవిన పడనివ్వలేదు. బాలచంద్రుడు బొంగరాలాట ఆడుతుండగా అది ఒక స్త్రీ పాదానికి తగిలి గాయమైంది. ఆమె నిష్ఠూరంగా అన్న మాటలవల్లనే, తనవారంతా రణానికి పోయారని అతనికి తెలిసింది. కన్నతల్లి దాచిన నిజం పరాయి ఆడదాని నోట వినవలసి వచ్చింది. తనపై ప్రేమతో జరిగిన వంచన ఎంత అవమానకరమో అనుభవించినవాడు, కొద్దికాలంలోనే ఆ పనిని తాను చేయడం ఈ కథలోని విషాదానికి కీలకం.

అనపోతు బ్రాహ్మణుడు. వేర్వేరు కులాలలో పుట్టి బాలచంద్రునితో సోదరులుగా పెరిగినవారిలో ఒకడు. యుద్ధానికి వెంటబెట్టుకుపోతే బ్రహ్మహత్య చుట్టుకుంటుందన్న తల్లి మాటను మన్నించి, మరచిన వస్తువు తెమ్మన్న నెపంతో బాలచంద్రుడు అతణ్ణి దారిలో వెనక్కి పంపాడు. అసలు సంగతి లేఖగా రాసిపెట్టి, మిగిలినవారితో సాగిపోయాడు. తిరిగి వచ్చిన అనపోతు ఆ లేఖ చూసి ప్రాణత్యాగం చేశాడు.

ఈ లేఖను హామ్లెట్ లేఖతో పోల్చడం ప్రయోజనకరం. తనను ఇంగ్లండుకు తీసుకుపోతున్న ఇద్దరు పాత మిత్రులను చంపించడానికి హామ్లెట్ రాజముద్రతో దొంగలేఖ సృష్టిస్తాడు. వారి మరణం తన అంతరాత్మను బాధించదని హొరేషియోతో నిస్సంకోచంగా చెబుతాడు. చంపడానికి రాసినవాడికి బాధ లేదు. బతికించడానికి రాసిన బాలచంద్రుని లేఖ మాత్రం మిత్రుణ్ణి చంపింది. దోషానికి సంకల్పం కొలబద్ద అయితే బాలచంద్రుడు నిర్దోషి. ఈ గాథ ఆ కొలబద్దను అంగీకరించినట్లు తోచదు.

అనపోతును చంపినది వియోగం కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాలవారినీ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టినవాడు. ఆయన ఇంట పెరిగిన సోదరుల మధ్య పుట్టుక లెక్కలోకి రాకూడదు. అన్నం దగ్గర రాలేదు కూడా. చావు దగ్గరికి వచ్చేసరికి అనపోతు ఒక్కడే మళ్ళీ బ్రాహ్మణుడయ్యాడు. బ్రహ్మహత్యాభయం అతనిమీది ప్రేమకు ఒక ముఖమైతే, అతణ్ణి పంక్తినుండి లేపివేయడం దానికి రెండవ ముఖం. చాపకూడు ఆదర్శాన్ని ప్రశంసించిన విమర్శకులు, అది సడలిన ఈ స్థలాన్ని అంత శ్రద్ధతో పట్టించుకోకపోవడం ఆశ్చర్యకరం. ఆ ఆదర్శాన్ని పాడుచేసినది నాగమ్మ కాదు, కొడుకు మేలు కోరిన ఐతాంబ, ఆమె మాట దాటలేని బాలచంద్రుడు.

మిత్రుని మరణం తెలిశాక బాలచంద్రునికి సంధి మాట గిట్టదు. కార్యమపూడిలో పెద్దలు పోరు ఆపడానికి చేసిన ప్రయత్నాన్ని తోసిపుచ్చి కత్తి దూశాడు. పైకి అది అలరాజు హత్యకు ప్రతీకారం. కాని సంధి కుదిరితే బాలచంద్రుడు బతకాలి, అనపోతు లేని ఇంటికి తిరిగి పోవాలి. పగ అతనికి ఒక ఆశ్రయమైంది. ఇది యౌవనోద్రేకం మాత్రమేనని ఎవరైనా ఆక్షేపించవచ్చు. తల్లి దగ్గర, భార్య మాంచాల దగ్గర సెలవు తీసుకున్ననాటి ఉత్సాహానికీ, సంధిని కాదన్ననాటి మొండితనానికీ ఉన్న తేడాకు ఆ ఆక్షేపంలో సమాధానం లేదు.

యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు నాగమ్మను చంపలేదు. నలగామరాజునే తిరిగి సింహాసనంపై నిలిపి, తాను గుత్తికొండ బిలానికి వెళ్ళాడని ప్రతీతి. దీనిని క్షమాగుణంగా వర్ణించడం వాడుక. కొడుకును కోల్పోయిన తండ్రికి అంత సులభంగా క్షమ అలవడిందనుకోవడం కష్టం. రాజ్యాన్ని పందెంగా ఒడ్డిన ఆ నాడు బరిలోకి చిట్టిమల్లును దింపినది తన పక్షమేనని ఆయన మరచి ఉండడు.