రొయ్యల దారిలో వంతులు

ఆర్థికశాస్త్రంలో డాక్టరేటుకు చేరినవాళ్లకు మొదటి ఏడాది ఒక జబ్బు పట్టుకుంటుంది. దేశం మొత్తాన్నీ ఒక్క సిద్ధాంతవ్యాసంలో ఇరికించాలనిపిస్తుంది. గైడు గట్టివాడైతే ఆ దేశాన్ని జిల్లాకు, జిల్లాను ఊరికి, ఊరిని ఒకే ఒక్క ప్రశ్నకు కుదిస్తాడు. కుదించేకొద్దీ పని తగ్గుతుందనుకుంటారు గానీ నిజానికి పెరుగుతుంది. ఆ కుదింపులోని నేర్పు తెలియాలంటే పులికాట్ దక్షిణపు కొసకు వెళ్లాలి. అక్కడ సరస్సు సముద్రంలో కలిసే చోట జాలర్లు తరతరాలుగా నడుపుతున్న పాడు పద్ధతి ఉంది. అది ఎలా తయారైందో, దాన్ని చదివినవాళ్లు ఎలా చదివారో రెండూ చూడదగ్గవే.

ప్రళయకావేరి అని మనవాళ్లు పిలుచుకునే ఈ ఉప్పునీటి సరస్సు మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్దది. ఎక్కువ భాగం మన వైపు, తిరుపతి జిల్లాలోకి వచ్చిన సూళ్లూరుపేట, తడ ప్రాంతాల్లో ఉంది. దక్షిణపు అంచు తమిళనాడుది. సముద్రానికీ సరస్సుకూ మధ్య శ్రీహరికోట అడ్డుగోడలా నిలబడి ఉంది. కాళంగి, ఆరణి నదులు మంచినీళ్లు తెస్తాయి, ముఖద్వారాల గుండా సముద్రం ఉప్పునీళ్లు తెస్తుంది. తెల్లరొయ్య బతుకంతా ఈ రెండు నీళ్ల మధ్యే. తల్లిరొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు పోటుతో పాటు సరస్సులోకి వచ్చి, కొన్ని నెలలు మేసి, పెరిగి, ఆటుతో మళ్లీ సముద్రం దారి పడతాయి. ఆ దారి ఇరుకు. దారి మీద వల పాతినవాడికి రొయ్య దొరుకుతుంది, పక్కకు పాతినవాడికి నాచు దొరుకుతుంది.

ఆర్థికశాస్త్రం ఇక్కడే మొదలవుతుంది. గుంజలకు కట్టి నిలబెట్టే వల కదలదు, ప్రవాహమే రొయ్యను దాని దగ్గరికి తేవాలి. కాబట్టి వలకన్నా వల పాతే చోటుకు విలువెక్కువ. మంచి చోట్లేమో కొన్నే, వలలున్నవాళ్లేమో చాలామంది. ఎవరు ముందొస్తే వాళ్లదంటే అర్ధరాత్రి నుంచే గుంజలు పట్టుకుని కొట్లాటలు. బలమున్నవాడిదంటే రక్తపాతం. వేలం పెడితే చోటు డబ్బున్నవాడిది, మిగతావాళ్లు వాడి కూలీలు. ఈ మూడింటినీ కాదని అక్కడి జాలరి ఊళ్లు వంతులు పెట్టుకున్నాయి. ఆ వంతే పాడు. చోట్లకు పేర్లున్నాయి. ఏ ఊరికి ఏ వంతో, ఊళ్లో ఎవరికి ఏ చోటో చీట్లు తీసి, తిప్పుతూ పంచుకుంటారు. ఈ రోజు మంచి చోటు దక్కినవాడు మరో రోజు చెడ్డ చోటుకు పోవాలి.

ఈ ఏర్పాటులోని పనితనాన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. చీటీ అదృష్టాన్ని పంచుతుంది, తిప్పడం ఆ అదృష్టాన్ని అరగదీస్తుంది. రెండింట్లో ఏ ఒక్కటున్నా చాలదు. చీటీ ఒక్కటే అయితే ఓసారి మంచి చోటు పడ్డవాడు దాన్నే పట్టుకుని కూర్చుంటాడు. తిప్పడం ఒక్కటే అయితే మొదట ఎవరు, ఎక్కడ అని తగవు. ఇక కాపలా ఖర్చు సున్నాకు దగ్గర. నా వంతు రోజున నా చోట్లో ఇంకొకడు వల కడితే పోలీసులు రానక్కర్లేదు. నేనే అక్కడుంటాను, నా కడుపు మండుతుంది, ఊరు నా వైపుంటుంది. ఒక్కో చోట్లో ఒక్కో వలకే వంతు కాబట్టి రొయ్య మొత్తాన్నీ ఒకేసారి ఊడ్చేయడం కుదరదు. మత్స్య సంరక్షణ అనే మాట ఎవరూ అనకుండానే అది కొంత జరిగిపోతోంది.

ఇప్పుడు పుస్తకాల వైపు. 1954లో కెనడా ఆర్థికవేత్త స్కాట్ గోర్డన్ ఉమ్మడి చేపలవేట మీద ఒక వ్యాసం రాశాడు. ఎవరి సొత్తూ కాని నీళ్లలో పడవలు పెరుగుతూనే పోతాయి, ఖర్చు రాబడితో సమానమయ్యేదాకా ఆగవు, చివరికి ఎవరికీ ఏమీ మిగలదు అని లెక్కగట్టాడు. 1968లో గారెట్ హార్డిన్ ‘సైన్స్’ పత్రికలో అదే దిగులును ఉమ్మడి బీడు కథగా చెప్పాడు. తార్కికంగా రెండూ చక్కటివే. ఇద్దరూ ఒక్క విషయం వదిలేశారు. ఉమ్మడి నీళ్లంటే కట్టడి లేని నీళ్లని కాదు. పులికాట్‌లో నీళ్లు ఉమ్మడివే, చోట్లకు మాత్రం కట్టడి ఉంది.

ఈ తేడాను పట్టుకుని జీవితమంతా దాని మీదే పనిచేసిన మనిషి ఎలినార్ ఆస్ట్రమ్. ఆమెను ఆర్థికశాస్త్రంలో డాక్టరేటుకు చేర్చుకోలేదు, లెక్కలు సరిపడా చదవలేదని. రాజనీతిశాస్త్రంలో చేరి, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1965లో పట్టా తీసుకున్నారు. సిద్ధాంతవ్యాసం దేని మీద? ఆ నగరం కింద ఉన్న వెస్ట్ బేసిన్ అనే ఒక్క భూగర్భజల మండలం మీద. అందరూ బోర్లు వేసి తోడేస్తుంటే పసిఫిక్ మహాసముద్రం ఉప్పునీళ్లు లోపలికి ఎగబాకాయి. తోడేవాళ్లే సంఘం కట్టుకుని, కోర్టుల దాకా వెళ్లి, ఎవరెంత తోడాలో తేల్చుకుని, తీరం పొడుగునా మంచినీటిని భూమిలోకి ఎక్కించి ఉప్పును అడ్డుకున్నారు. ఆమె వాళ్ల సమావేశాల మినిట్లు చదివారు, మనుషులతో మాట్లాడారు. ఒక్క బావుల మండలం. అంతే. అయినా ‘ఉమ్మడి వనరు ఎందుకు పాడవుతుంది’ అనే పాత ప్రశ్న పక్కన ‘ఎప్పుడు పాడవదు’ అనే కొత్త ప్రశ్న లేచింది అక్కడి నుంచే.

1990లో వచ్చిన ఆమె పుస్తకంలో టర్కీ తీరపు అలన్యా జాలర్ల సంగతి ఉంది. దాన్ని ఫిక్రెత్ బెర్కెస్ అనే పరిశోధకుడి పరిశీలనల నుంచి తీసుకున్నారు. ప్రతి సెప్టెంబర్‌లో అర్హుల జాబితా రాస్తారు, పేర్లున్న చోట్లకు చీట్లు తీస్తారు. జనవరి దాకా రోజుకో చోటు చొప్పున తూర్పుకు జరుగుతారు, జనవరి నుంచి పడమటికి. వలస చేప వచ్చే దిక్కు మారుతుంది కనుక జరిగే దిక్కూ మారుతుంది. ఇది చదివిన పులికాట్ జాలరి, ఇందులో వింతేముందయ్యా అంటాడు. సముద్రాలు దాటి ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు ఒకే చిక్కుకు దాదాపు ఒకే విరుగుడు కట్టుకున్నారంటే అది కాకతాళీయం కాదు. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది, ఆ శాస్త్రంలో తొలి మహిళగా. చేర్చుకోని శాఖే కిరీటం పెట్టిందన్నమాట.

మన సరస్సు మీదా పనిచేసినవాళ్లున్నారు. 1991లో సెబాస్టియన్ మాథ్యూ ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కోసం పులికాట్ వేట హక్కుల మీద నివేదిక రాశారు. 2008లో సారా కౌల్తార్డ్ పర్యావరణం మారుతుంటే ఇక్కడి జాలర్లు ఎలా సర్దుకుంటున్నారని ఒక వ్యాసంలో అడిగి, ఆ జవాబులో కులంతో ముడిపడ్డ పాడు హక్కుకు చోటిచ్చారు. నాకు వీటిలో నచ్చింది మెచ్చుకోలు దగ్గర ఆగకపోవడం. పాడు న్యాయమైనదే, జాబితాలో పేరున్నవాళ్లకు. పేరు రావాలంటే ఆ కులంలో, ఆ ఊళ్లో పుట్టాలి. ఆడవాళ్లకు అందులో చోటు లేదు. చేత్తో రొయ్య ఏరుకునే యానాదుల పేర్లు ఏ చీటీలోనూ ఉండవు. వంతులు ఎంత సమంగా పంచినా, ఎవరి మధ్య పంచుతున్నామన్నది ముందే తేలిపోయింది. సిద్ధాంతవ్యాసం పసిడిదా ఇత్తడిదా అన్నది ఇలాంటి చోటే బయటపడుతుంది. తాను ప్రేమించిన ఏర్పాటు ఎవరిని గడప బయట ఉంచిందో రాసినవాడి పనే నిలుస్తుంది.

ఇక పట్టా వచ్చాక సంగతి. ఈ భాగాన్ని పెద్దగా ఊరించి చెప్పేదేమీ లేదు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి తక్కువలో తక్కువ 3 ఏళ్లు, ఎక్కువలో ఎక్కువ 6 ఏళ్లు, మహిళలకు మరో 2 ఏళ్ల వెసులుబాటు. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి నెట్ లేదా సెట్ ఉంటే చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. కాబట్టి నల్లటి రెగ్జిన్ అట్ట మీద బంగారు అక్షరాలు చూసి ఉద్యోగం నడిచొస్తుందనుకుంటే పొరపాటు. ఆస్ట్రమ్‌కే ఇండియానా విశ్వవిద్యాలయంలో మొదట దొరికింది పొద్దున 7:30కి అమెరికా ప్రభుత్వం గురించి పాఠం చెప్పే పని, అదీ శనివారాలతో సహా.

మనవాళ్లలో ఇద్దరి దారి వేరు. కడప జిల్లా పాటూరులో పుట్టిన వై.వి. రెడ్డి ఉస్మానియాలో పాఠాలు చెప్పి, 1964లో ఐఏఎస్‌లోకి వెళ్లారు. ఆయన డాక్టరేటు కూడా ఉస్మానియాదే. ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు భౌతికశాస్త్రం చదివి, 1972లో ఐఏఎస్‌లో మొదటి ర్యాంకు కొట్టి, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాష్ట్రాల ఆర్థిక సంస్కరణల మీద పీహెచ్‌డీ చేశారు. ఇద్దరూ రిజర్వు బ్యాంకు గవర్నర్లయ్యారు, ఒకరి తర్వాత ఒకరు. 2008 సెప్టెంబర్ 5న సుబ్బారావు కుర్చీలో కూర్చున్నారు, పది రోజులకు లేమన్ బ్రదర్స్ కూలింది. అప్పటికే ఇళ్ల అప్పుల మీద, స్థిరాస్తి అప్పుల మీద బ్యాంకుల బిగింపు రెడ్డి పెంచి ఉన్నారు. ఉద్యోగంలో ఉండి డాక్టరేటు పూర్తి చేసేవాళ్లను మన విశ్వవిద్యాలయాల్లో కొంచెం తక్కువగా చూస్తారు. ఫైళ్ల మధ్య పుట్టిన ప్రశ్నకు గ్రంథాలయంలో పుట్టిన ప్రశ్నకు లేని పదును ఉంటుందని నా అభిప్రాయం.

1954లో పుట్టిన తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయం నుంచి సూళ్లూరుపేట బస్సెక్కే పరిశోధకుడికి ఇప్పటికీ మిగిలిన ప్రశ్న ఉత్తరాన ఉంది. శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సును రెండుగా కోసింది. రోడ్డుకు పైనున్న భాగం ఎండల్లో చాలామేర ఎండిపోతుంది. రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడుకుపోయి, దాన్ని తవ్వాలని ఏళ్లుగా అడుగుతున్నారు. తవ్వితే పోటు వస్తుంది, పోటుతో రొయ్య వస్తుంది, మళ్లీ కొన్ని మంచి చోట్లు ఏర్పడతాయి. వాటి మీద మొదటి గుంజ ఎవరు పాతాలి, జాబితాలో యానాది పేరు ఉంటుందా, పాతకాలపు వంతు తిరిగొస్తుందా, లేక చోటు అప్పిచ్చిన రొయ్యల వ్యాపారిదవుతుందా? తవ్వకముందే ఊరూరా తిరిగి పేర్లు, వలలు, అప్పులు రాసిపెట్టుకున్నవాడికే తవ్వాక జవాబు చెప్పే హక్కు ఉంటుంది. ఆ పేర్లు రాసుకునే పుస్తకం తెరవాల్సిన సమయం తవ్వే యంత్రాలు రాకముందే.