కొండా పల్లమూ: మన కథల్లో జూబ్లీహిల్స్

నగరం విషయంలో మన సాహిత్యానికీ సినిమాకూ ఒక అలవాటు స్థిరపడిపోయింది. పల్లె మంచిది, పట్నం చెడ్డది. కాకుంటే పల్లె వెనకబాటు, పట్నం అవకాశం. రెండూ నైతికమైన తీర్పులే. పట్నమంటే ముందు భూమి అనీ, ఆ భూమి ఏ చట్టంతో ఎవరి చేతికి మారిందనీ విచారించే రచన మనకు బహు తక్కువ. 'మాభూమి' (1979) చిత్రం పల్లెలో ఆ ప్రశ్నను సూటిగానే వేసింది. పట్నం పొలిమేర దగ్గరకు వచ్చేసరికి ప్రశ్న ఆగిపోయింది. తెలుగు సినిమా కాపురం పెట్టిన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌ల విషయంలో ఈ లోపం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఈ కొండలు వాటంతట అవి కాలనీలు కాలేదు. 1960లలో ఒక సహకార గృహనిర్మాణ సంఘానికి ప్రభుత్వం ఇక్కడ వందల ఎకరాలు ఇచ్చింది. సినీ పరిశ్రమను మద్రాసు నుంచి రప్పించాలన్న విధానం దానికి తోడైంది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ స్థాపించారు. తర్వాత షేక్‌పేట వైపు ఫిల్మ్‌నగర్ వెలిసింది. 1998లో సైబర్ టవర్స్ రావడంతో ఊరి చివరన ఉన్న కొండ కాస్తా నడిదారి అయింది. స్థలాన్ని బట్టి ఎంత కట్టవచ్చో చెప్పే పరిమితిని 2006లో 86వ నంబరు జీవో ఎత్తివేసింది. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చి, 45వ నంబరు రోడ్డు కార్లకు రహదారి అయింది. ప్రతి మార్పు వెనుకా ఒక కాగితం, ఒక సంతకం ఉన్నాయి. కథకుడికి ఇంతకన్నా ముడిసరుకు ఏం కావాలి?

మన సినిమా ఈ కొండను బంగళాగానే చూపింది. ఎత్తయిన గేటు, మెట్లమీద నుంచి దిగివచ్చే తండ్రి. కిందనున్న కృష్ణానగర్‌ను చూపిన 'ఖడ్గం' (2002), 'నేనింతే' (2008) చిత్రాలను అందుకే మెచ్చుకోవాలి. అయితే రెండింటా కృష్ణానగర్ ఒక వెయిటింగు రూము మాత్రమే. ఒకదానిలో వేషాలకోసం తిరిగేవాడు నటుడవుతాడు. రెండోదానిలో సహాయ దర్శకుడు దర్శకుడవుతాడు. (రెండు పాత్రలూ రవితేజవే కావడం కాకతాళీయం.) ఒక్కడు పైకెక్కితే సమస్య తీరిపోతుంది. పక్కగదిలో ఉన్న లైట్‌మన్, సెట్టు వడ్రంగి అక్కడే ఉంటారు. వాళ్ల ఇళ్ల కోసం ప్రభుత్వం ఇచ్చిన స్థలం ఈ కొండమీద కాదు, అవతల మణికొండలో. నటుడు ప్రభాకరరెడ్డి పేరు పెట్టుకున్న చిత్రపురి కాలనీ అదే. తారలకు కొండా, కార్మికులకు పొలిమేరా ఎలా వచ్చాయో ఆ చిత్రాలు అడగలేదు.

వానాకాలం చూడండి. 250 కోట్ల ఏళ్లనాటి రాతిగుట్టల్ని పేల్చి, వాలునంతా సిమెంటు చేశాక నీరు ఇంకే చోటు ఏది? కె.బి.ఆర్. పార్కు 390 ఎకరాలు మిగిలాయి గనుక కొంత నయం. దాని చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టే ప్రతిపాదన మీద 2016లో పౌరులు రోడ్డెక్కవలసి వచ్చింది. కొండమీద పడ్డ వాన నిమిషాల్లో కృష్ణానగర్, యూసుఫ్‌గూడ సందుల్లోకి దిగుతుంది. మోటారు సైకిళ్లు కొట్టుకుపోతాయి. దీన్ని ప్రకృతి వైపరీత్యం అనడం పత్రికల అలవాటు. నేనైతే వర్గసంబంధం అంటాను. 2025 నవంబరులో జూబ్లీహిల్స్ శాసనసభా స్థానానికి ఉపఎన్నిక జరిగింది. ఆ స్థానంలో బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ, యూసుఫ్‌గూడ ఉన్నాయి. బంగళాల జూబ్లీహిల్స్‌లో చాలా భాగం ఖైరతాబాద్ నియోజకవర్గంలోకి పోయింది. అంటే ఓటర్ల జాబితాలో జూబ్లీహిల్స్ అన్నమాటకు అర్థం ఒకటి, వెండితెరమీద మరొకటి.

రచయితలు సినిమా కన్నా ఎంతో మెరుగని చెప్పలేను. నెల్లూరి కేశవస్వామి తన చార్మినార్ కథల్లో పాతనగరాన్ని ఇళ్ల లోపలినుంచి చూపించారు. రావూరి భరద్వాజ 'పాకుడురాళ్లు' మద్రాసు చిత్రసీమను వదలకుండా పరిశీలించింది. పరిశ్రమ హైదరాబాదు చేరి ఇన్ని దశాబ్దాలైనా ఈ కొండ గురించి ఆ స్థాయి నవల నాకు కనిపించలేదు.

బడిపిల్లలకు 'మా నగరం' వ్యాసం ఇస్తే చార్మినార్, గోలకొండ, ఇప్పుడు కొత్తగా తీగల వంతెన రాస్తారు. తమ సందులోని నాలా ఎవరూ రాయరు. పాఠ్యపుస్తకం నేర్పనిది వాళ్లు రాయలేదంటే సరే, పెద్దల సంగతేమిటి? కథల పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చున్నప్పుడల్లా జూబ్లీహిల్స్‌లో పనిమనిషి కథ ఒకటైనా వస్తుంది. యజమానురాలి క్రౌర్యం, పోయిన గొలుసు, చివరికి పనిమనిషి నిజాయితీ. సానుభూతికి కొదవ లేదు. కాని కథ గేటు దగ్గరే ముగుస్తుంది. సాయంత్రం ఆమె చెక్‌పోస్టు దాకా నడిచి ఎక్కే బస్సు ఏదో, దిగాక మోకాటిలోతు నీళ్లలో ఎటు పోతుందో, ఆమె ఉన్న గదికి పట్టా ఉందో లేదో కథకుడికి తెలియదు.